పూతరేకు మీద తడిగుడ్డ

ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే చోట కాసేపు కూర్చుంటే ఒక చిన్న పని కంటపడుతుంది. బోర్లించిన కుండ మీద నుంచి ఒలిచిన రేకులు దొంతరగా పేర్చి ఉంటాయి. ఊదితే ఎగిరిపోతాయి, ముట్టుకుంటే పెళపెళా విరుగుతాయి. చుట్టే ఆవిడ ఒక రేకు తీసి, తడిపి పిండిన గుడ్డ మీద పరుస్తుంది. నాలుగు క్షణాలు ఆగుతుంది. అంతవరకూ ఎండుటాకులా ఉన్న రేకు ఉతికిన మల్లుగుడ్డలా వాలిపోతుంది. అప్పుడు నెయ్యి, పంచదార పొడి, యాలకులు. ఇక ఎటు మడిస్తే అటు మడత.

"నెయ్యి ఎలాగూ రాస్తారు కదండీ, దాంతోనే మెత్తబడదా?" అని అడిగాను ఒకసారి.

"నేతికి లొంగదండి. నీళ్లకే లొంగుద్ది. తడి తక్కువైతే ముక్కలు, ఎక్కువైతే ముద్ద. ఆయ్," అంది ఆవిడ తల ఎత్తకుండానే.

ఆ పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆవిడ చెప్పిన మాటకు మాత్రం ఎవరూ ఏ గుర్తింపూ ఇవ్వలేదు. మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్‌ల కోసం ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా జరుగుతున్న పెనుగులాటలో సగం ఈ మాట చుట్టూనే తిరుగుతుంది. ఏ పదార్థం దేనికి లొంగుతుంది, ఎంత వేస్తే లొంగుతుంది? మిగతా సగం ఆవిడకు అవసరం లేని ప్రశ్న: లొంగదీసిన సరుకు అక్కడే ఉంటుందా, మెల్లగా జారుకుంటుందా? పూతరేకు పొద్దున చుడితే నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు తినేస్తారు. సంచి సంగతి అలా కాదు.

పూతరేకు అంటే బియ్యప్పిండిలోని గంజిపదార్థం, అదే స్టార్చ్, పొరగా ఆరినది. సేమ్యా ఉడికించి ఆరబెట్టారనుకోండి. పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని గట్టి చెక్కలా అయిపోతుంది. వంచితే వంగదు, విరుగుతుంది. స్టార్చ్ అణువులూ అలాంటి పొడవాటి గొలుసులే. గొలుసు పొడవునా హైడ్రాక్సిల్ అనే చిన్న కొక్కేలు ఉంటాయి. తడి ఆరిపోగానే ఒక గొలుసు కొక్కెం పక్క గొలుసు కొక్కేన్ని పట్టేసుకుంటుంది. ఒక్కో పట్టు బలహీనమైనదే. అలాంటివి లెక్కలేనన్ని కలిస్తే మాత్రం ఏ గొలుసూ కదలదు. వంచితే జారి సర్దుకోవాల్సింది సర్దుకోలేక తెగుతుంది. మనం దాన్ని పెళుసు అంటాం.

నీటి అణువు చిన్నది, చురుకైనది, దానికీ అలాంటి కొక్కేలే ఉన్నాయి. గొలుసుల మధ్యకు దూరి, "నన్ను పట్టుకో" అన్నట్టు వాటి పట్టు విడిపిస్తుంది. పెళ్లి పందిట్లో పెద్దవాళ్లు చేతులు పట్టుకుని బిగుసుకుని నిలబడితే మధ్యలో పిల్లలు దూరి ఆ చేతులు తాము అందుకున్నట్టు. వరస ఇంకా వరసే, కానీ ఇప్పుడు ఊగుతుంది. నేతికి ఆ కొక్కేలు దాదాపు లేవు. అది గొలుసుల మధ్యకు పోలేదు, పైపైనే జారుతుంది. అందుకే నేతికి రేకు లొంగదు.

ఇలా గొలుసుల మధ్యకు దూరి పదార్థాన్ని మెత్తబరిచే చిన్న అణువులనే ప్లాస్టిసైజర్లు అంటారు. పేరు ఘనంగా ఉన్నా చేసే పని తడిగుడ్డ చేసేదే.

ఇక్కడ ఒక ఉష్ణోగ్రత గురించి చెప్పుకోవాలి, లేకపోతే మిగతా కథ నడవదు. ప్రతి ప్లాస్టిక్‌కూ, గాజులా బిగుసుకున్న స్థితి నుంచి రబ్బరులా మెదిలే స్థితికి మారే ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. గ్లాస్ ట్రాన్సిషన్ అంటారు దాన్ని. మనం 'గాజు గీత' అనుకుందాం. గది వేడి ఆ గీతకు పైన ఉంటే వస్తువు సాగుతుంది, కింద ఉంటే విరుగుతుంది. సహజ రబ్బరుకు ఆ గీత సున్నాకు 70 డిగ్రీల కింద ఉంది. అందుకే మన ఊళ్లలో రబ్బరు ఏ చలికాలంలోనూ గాజులా మారదు. పైపుల పీవీసీకి 80 డిగ్రీల దగ్గర ఉంది కనుక పైపు గట్టిగా నిలుస్తుంది. తేమ పూర్తిగా తీసేసిన స్టార్చ్‌కు 200 డిగ్రీలు దాటాక ఎక్కడో ఉంటుందని అంచనా. అంచనా అనడం ఎందుకంటే, కొలుద్దామని వేడి చేస్తూ పోతే గీత రాకముందే పిండి మాడడం మొదలవుతుంది. ప్లాస్టిసైజర్ చేసేదల్లా ఈ గీతను కిందికి దించడం. ఒకటి గమనించండి: వస్తువును మనం వేడి చేయడం లేదు, దాని గీతనే జరుపుతున్నాం.

ఈ విద్య కొత్తది కాదు. దీని మొదటి వ్యాపార విజయానికి కారణం మన పూజగదిలో ఉండే సరుకే. 1860లలో అమెరికాలో బిలియర్డ్ బంతులకు ఏనుగు దంతం బదులు వేరే పదార్థం దొరుకుతుందేమోనని జాన్ వెస్లీ హయట్ అనే ఆయన వెతికాడు. నైట్రోసెల్యులోజ్ అప్పటికే ఉంది కానీ పెళుసు, మలచడానికి లొంగదు. దానికి కర్పూరం కలిపి వేడి చేసి ఒత్తితే చెప్పినట్టు విన్నది. 1870లో పేటెంట్ తీసుకున్నాడు. అదే సెల్యులాయిడ్. దువ్వెనలు, బొమ్మలు, తర్వాత సినిమా రీళ్లు అన్నీ దాంతోనే. అయితే కర్పూరం సంగతి మన ఇళ్లలో తెలియనిదా! మూత సరిగ్గా పెట్టకపోతే హరించిపోతుంది. హరించకుండా డబ్బాలో నాలుగు మిరియాలు వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. సెల్యులాయిడ్ రీళ్ల నుంచి కూడా కర్పూరం అలాగే ఏళ్ల తరబడి మెల్లగా హరించింది. రీలు కుంచించుకుపోయి పెళుసెక్కింది. పాత సినిమాలు దాచేవాళ్లు పడే తిప్పల్లో ఇదొకటి.

ప్లాస్టిసైజర్ కథ మొదటి రోజు నుంచీ ఇంతే. పిలిస్తే వచ్చిన చుట్టం, మెత్తదనం తెచ్చిన చుట్టం. కానీ గొలుసుకు కట్టేసి లేదు, తలుపు సందు దొరికితే వెళ్లిపోతుంది.

1926లో రెండు సంగతులు జరిగాయి. ఆ రెండూ ఒకే ఏడాది జరగడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. అమెరికాలోని ఓహాయోలో వాల్డో సెమన్, రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతూ, అప్పటిదాకా పనికిరాదని పక్కన పడేసిన పీవీసీని సులువుగా ఆవిరికాని ఒక ద్రావణిలో వేడి చేశాడు. చల్లారాక చూస్తే రబ్బరులా సాగే ముద్ద. వానకోట్లు, వైర్ల తొడుగులు, రెక్సిన్ సీట్లు అన్నీ ఆ ముద్దకు మనుమలు. అదే ఏడాది పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో మారిస్ లెమాన్య్, బాక్టీరియా తన ఒంట్లో కొవ్వులా దాచుకునే ఒక పాలియెస్టర్‌ను గుర్తించాడు. అదే పీహెచ్‌బీ. సూక్ష్మజీవి తనకోసం తాను చేసుకునే ప్లాస్టిక్, మరో సూక్ష్మజీవి తినేసే ప్లాస్టిక్. మొదటిదానికి ప్రపంచం దాసోహమంది. రెండోది ఇప్పటికీ దాని పెళుసుదనంతో పోరాడుతూనే ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు స్టార్చ్. నీళ్లతో మెత్తబడుతుంది సరే, నీళ్లు నిలవవు. ఎండలో గంటసేపు పెడితే రేకు మళ్లీ పెళుసు. కాబట్టి నీటిలాగే కొక్కేలున్నదీ, కానీ ఎగిరిపోనిదీ కావాలి. గ్లిజరిన్ సరిగ్గా అలాంటిది. అణువు చిన్నది, దానికి మూడు హైడ్రాక్సిల్ కొక్కేలు. పెళ్లి పందిట్లో దూరిన మూడు చేతుల పిల్ల అనుకోండి. మరగాలంటే 290 డిగ్రీలు కావాలి. కొనడానికీ చవకే. నూనెల నుంచి సబ్బు చేసినా బయోడీజిల్ చేసినా పక్కన గ్లిజరిన్ పుట్టుకొస్తుంది. బయోడీజిల్‌లో అయితే బరువులో దాదాపు పదోవంతు.

దీని పనితనం చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు, మందుల డబ్బా చాలు. పొడి నింపిన గట్టి క్యాప్సూల్‌నూ, చేపనూనె నింపిన మెత్తటి క్యాప్సూల్‌నూ పక్కపక్కన పెట్టి నొక్కండి. మామూలుగా రెండిటి తొడుగూ జెలటినే. రెండోదాంట్లో గ్లిజరినో సార్బిటాలో కలిపారు, అంతే తేడా. మొదటిదాంట్లోనూ ప్లాస్టిసైజర్ లేకపోలేదు. అది నీళ్లే. గట్టి క్యాప్సూల్‌లో నూటికి 13 నుంచి 16 పాళ్లు తేమ ఉంటుంది. అది బాగా తగ్గితే తొడుగు గోటితో నొక్కగానే చిట్లుతుంది. సీసాలో తేమ పీల్చే పొట్లం మరీ ఎక్కువగా పనిచేస్తే మందుకు మేలు, తొడుగుకు కీడు.

నేనూ ఇంట్లో ప్రయత్నించాను. నాలుగు చెంచాల నీళ్లు, చెంచాడు మొక్కజొన్న పిండి, కాస్త వెనిగర్. సన్నసెగ మీద కలుపుతూ ఉంటే తెల్లటి పాలు ఒక్కసారిగా చిక్కబడి అద్దంలా తేటపడతాయి. పిండి గింజలు ఉబ్బి, పగిలి, గొలుసులు బయటికొచ్చే క్షణం అదే. దాన్ని నాలుగు స్టీలు పళ్లేల్లో పలచగా పూసి ఆరబెట్టాను. ఒక పళ్లెంలో గ్లిజరిన్ లేదు, రెండోదాంట్లో నాలుగైదు చుక్కలు, మూడోదాంట్లో పావు చెంచా, నాలుగోదాంట్లో చెంచా. మొదటిది రెండోరోజుకు వేసవి చెరువులా నెర్రెలిచ్చింది. మూడోది పళ్లెం నుంచి చక్కగా ఊడొచ్చింది, వేలికి చుడితే చుట్టుకుంది. నాలుగోది తడితడిగా, నల్లజీడి పట్టుకున్నట్టు వేళ్లకు అంటుకుంది.

రెండోది మాత్రం నన్ను తికమక పెట్టింది. కాస్తయినా మెత్తబడుతుందనుకుంటే, మొదటిదానికన్నా గట్టిగా, టప్పున విరిగింది. చేతివాటంలో పొరపాటేమో అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, ఇది పరిశోధకులకు బాగా తెలిసిన సంగతే. తేమ తక్కువగా ఉన్న స్టార్చ్‌కు గ్లిజరిన్ నూటికి పది పన్నెండు పాళ్ల లోపే వేస్తే మెత్తబడడానికి బదులు ఇంకా బిగుసుకుంటుంది. కొద్దిపాటి గ్లిజరిన్ గొలుసుల మధ్య ఉన్న ఖాళీల్లో కూర్చుని, కొక్కేలతో రెండువైపులా పట్టేసి, ఉన్న కొద్దిపాటి కదలికనూ ఆపేస్తుంది. ఇద్దరు పెద్దల మధ్య ఒక్క పిల్లే దూరితే వాళ్ల చేతులు గట్టిగా పట్టుకుని నిలబడుతుంది. పదిమంది దూరితేనే గోల. కాబట్టి 'కొంచెం వేస్తే కొంచెం మెత్తన, ఎక్కువ వేస్తే ఎక్కువ మెత్తన' అనే లెక్క ఇక్కడ చెల్లదు. నూటికి 20 నుంచి 35 పాళ్ల దాకా వేస్తే సరైన మెత్తదనం. అదీ దాటితే గ్లిజరిన్ ఒకచోట, స్టార్చ్ ఒకచోట వేరుపడి, పైకి చెమటలా ఊరుతుంది.

ఆ పళ్లేల ముక్కల్ని పారేయకుండా వంటింటి కిటికీలో పెట్టాను. అప్పటికి వైశాఖం. రోహిణి కార్తెలో మూడో ముక్క కూడా అంచుల వెంట బిరుసెక్కింది. ఆషాఢంలో వానలు పట్టగానే అదే ముక్క తడిసిన అప్పడంలా వేలాడింది. గ్లిజరిన్‌కు నీళ్లంటే ప్రాణం, గాలిలోని తేమను లాక్కుంటుంది. లాక్కున్న తేమ కూడా ప్లాస్టిసైజరే కనుక మెత్తదనం రెట్టింపవుతుంది, బలం పడిపోతుంది. అంటే స్టార్చ్ సంచి గుణం కర్మాగారంలో తేలిపోదు, పంచాంగాన్ని బట్టి కూడా మారుతుంది. రాయలసీమ ఎండలో ఒక సంచి, విశాఖ ఉక్కలో ఇంకో సంచి. గ్లిజరిన్ బదులు సార్బిటాల్ వాడితే ఈ బెడద కొంత తగ్గుతుంది. దానికి ఆరు కొక్కేలున్నా అణువు పెద్దది, తేమకు అంతగా ఆశపడదు. ప్రతిగా రేకు కాస్త బిరుసుగా వస్తుంది, పాతబడేకొద్దీ సార్బిటాల్ పలుకులు కట్టవచ్చు. ఇటు లాగితే అటు, అటు లాగితే ఇటు.

పాతబడడమంటే గుర్తొచ్చింది. రాత్రి మిగిలిన అన్నం పొద్దునకు పలుకెక్కుతుంది కదా. నీళ్లు ఆవిరైపోవడం వల్ల అనుకుంటాం. మూతపెట్టి ఉంచినా పలుకెక్కుతుంది. ఉడికినప్పుడు విడిపోయిన గొలుసులు చల్లారాక మళ్లీ ఒకదాని పక్కన ఒకటి చేరి వరసలు కట్టుకోవడమే అసలు కారణం. స్టార్చ్ ప్లాస్టిక్‌కూ ఇదే జబ్బు. గ్లిజరిన్ గొలుసులకు కదిలే వీలిచ్చింది కదా, ఆ వీలుతోనే అవి వారాల తరబడి మెల్లగా జరిగి మళ్లీ సర్దుకుంటాయి. మెత్తబరిచిన చెయ్యే గట్టిపడడానికి దారి చూపుతుంది. చద్దన్నంలో మజ్జిగ పోసుకుంటే సరిపోతుంది, సంచికి ఏం పోస్తాం? యూరియా, సిట్రిక్ ఆమ్లం లాంటివి కలిపితే గొలుసుల్ని ఇంకా గట్టిగా పట్టుకుని ఈ సర్దుబాటును ఆలస్యం చేస్తాయి.

ఇప్పుడు పీఎల్ఏ సంగతి. మొక్కజొన్న, చెరకు చక్కెరల్ని పులియబెట్టి తీసిన లాక్టిక్ ఆమ్లంతో కట్టిన గొలుసు ఇది. మన పెరుగులో పులుపు ఇచ్చేదీ లాక్టిక్ ఆమ్లమే. జ్యూస్ అంగళ్లలో గాజులా మెరిసే 'మొక్కల నుంచి చేసిన' కప్పులు చాలావరకు ఇవే. త్రీడీ ప్రింటర్లలో వాడే తీగ కూడా ఇదే. దీని గాజు గీత 55, 60 డిగ్రీల మధ్య. అంటే మన గదుల్లో ఇది ఎప్పుడూ గాజే. వంద మిల్లీమీటర్ల పట్టీని లాగితే మామూలుగా పది మిల్లీమీటర్లు కూడా సాగకుండా తెగుతుంది. కానీ బెజవాడలో మే నెల మధ్యాహ్నం, అద్దాలు ఎత్తి ఎండలో వదిలిన కారు లోపల ఆ గీత దాటడం కష్టమేమీ కాదు. మా బంధువుల అబ్బాయి ముచ్చటపడి ప్రింట్ చేసుకున్న ఫోన్ స్టాండు డాష్‌బోర్డు మీద నమస్కారం పెడుతున్నట్టు వంగిపోయింది. వాడు ప్రింటర్‌ను తిట్టాడు. తప్పు ప్రింటర్‌ది కాదు, గీతది.

పీఎల్ఏ స్టార్చ్‌లాంటిది కాదు, దానికి కొక్కేలు తక్కువ. కనుక గ్లిజరిన్ దీనికి సరిగ్గా నప్పదు. పూతరేకు ఆవిడ మాటే మళ్లీ, దేనికి లొంగేది దానికే లొంగుతుంది. పీఎల్ఏ సిట్రేట్లకు లొంగుతుంది. నిమ్మకాయ పులుపైన సిట్రిక్ ఆమ్లాన్ని ఆల్కహాళ్లతో కలిపి చేసే నూనెలాంటి ద్రవాలు ఇవి. ట్రైఇథైల్ సిట్రేట్, ఎసిటైల్ ట్రైబ్యూటైల్ సిట్రేట్ అని పేర్లు. మాత్రల పైపూతల్లో మొదటిదాన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఇది పాత చుట్టమే. పీఎల్ఏలో నూటికి ఇరవై పాళ్లు సిట్రేట్ కలిపితే గాజు గీత 60 నుంచి 30 దరిదాపులకో, రకాన్ని బట్టి ఇంకా కిందికో దిగుతుంది. అప్పుడు అదే పట్టీ రెండు మూడు రెట్లు సాగగలదు. దానికి ఖరీదు బలం. తెగడానికి పట్టే ఒత్తిడి సగానికి పైగా పడిపోతుంది. ఇక్కడా లెక్క సాఫీగా నడవదు. నూటికి పది పాళ్లు వేసినప్పుడు బలం తగ్గుతుంది, సాగుడు మాత్రం పెద్దగా రాదు. నష్టం ముందొస్తుంది, లాభం తర్వాతొస్తుంది.

సిట్రేట్ వేసి మెత్తబరిచిన రేకును అలమరలో ఉంచితే ఏమవుతుంది? గీత గది వేడి దాకా దిగింది కనుక గొలుసులకు తీరిక దొరికింది. అవి మెల్లగా వరసకట్టి స్ఫటికాలవుతాయి. స్ఫటికంలో సిట్రేట్‌కు చోటు లేదు, బయటికి నెట్టేస్తాయి. తేటగా ఉన్న రేకు మబ్బుపడుతుంది, ముట్టుకుంటే జిడ్డు. పాత రెక్సిన్ బ్యాగు అడుగున అంటుకునే జిడ్డు కూడా ఇలా బయటపడినదే కావచ్చు. పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మరో ప్లాస్టిసైజర్ మొదట్లో అద్భుతంగా మెత్తబరుస్తుంది. పాళ్లు ఎక్కువైతే కొన్నాళ్లకు పీఎల్ఏతో తెగతెంపులు చేసుకుని విడిగా గడ్డకడుతుంది. రేకు మళ్లీ మొదటికి వస్తుంది.

పీహెచ్‌బీది ఇంకో తరహా. దాని గాజు గీత నాలుగు డిగ్రీల దగ్గర, అంటే మన గదుల్లో ఎప్పుడూ గీతకు పైనే. అయితే మెత్తగా ఉండాలి కదా? అచ్చులోంచి తీసిన రోజు కొంత మెత్తగానే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. గీతకు పైన ఉన్నందువల్లే దాని గొలుసులు గదిలోనే స్ఫటికాలు కట్టుకుంటూ పోతాయి. ఇక్కడ ప్లాస్టిసైజర్ ఒక్కటే గట్టెక్కించలేదు. అందుకే బాక్టీరియాకు పెట్టే మేత మార్చి, గొలుసులోనే అక్కడక్కడా వేరే పూస గుచ్చేలా చేస్తారు. వరస తప్పిన గొలుసు స్ఫటికం కట్టలేదు. బయటి చుట్టాన్ని పిలవకుండా ఇంటిమనిషినే కాస్త మెత్తటివాడిగా పెంచడమన్నమాట. నా మటుకు నాకు ఇదే తెలివైన దారి అనిపిస్తుంది.

సంచులు చేసేవాళ్లూ చివరికి ఆ దారినే పట్టారు. కంపోస్టబుల్ అని ముద్ర ఉన్న చాలా సంచుల్లో అసలు సరుకు పీబీఏటీ. దాని గాజు గీత సున్నాకు ముప్పై డిగ్రీల కింద, కనుక పుట్టుకతోనే మెత్తన. పెట్రోలియం నుంచి వచ్చినా, కంపోస్టులో సూక్ష్మజీవులకు లొంగుతుంది. దానికి గ్లిజరిన్ పట్టించిన స్టార్చో, పీఎల్ఏనో కలుపుతారు. 'మొక్కజొన్న సంచి' అని అమ్మేదాంట్లో మొక్కజొన్న ఎంత అని అడిగితే అంగడి యజమాని మన మొహం చూస్తాడు. మనదేశంలో 2022 డిసెంబరు 31 నుంచి ప్లాస్టిక్ సంచి మందం 120 మైక్రాన్లు ఉండాలన్న నిబంధన కంపోస్టబుల్ సంచులకు వర్తించదు. అంతకుముందు ఏడాది ఆగస్టులో తిరుమలలో లడ్డూ ప్రసాదానికి డీఆర్‌డీఓ రూపొందించిన కంపోస్టబుల్ సంచుల విక్రయం మొదలుపెట్టారు. మూడు నెలల్లో మట్టిలో కలుస్తాయని అప్పట్లో చెప్పారు.

లడ్డూ అనగానే నెయ్యి. ప్లాస్టిసైజర్ గురించి అడగాల్సిన ప్రశ్న ఇక్కడే ఉంది. గొలుసుకు కట్టేయని చుట్టం ఎటు పోతుంది? తనకు నచ్చిన చోటికి పోతుంది. నూనె స్వభావమున్నది నెయ్యి, ఆవకాయ నూనె, వెన్న వైపు మళ్లుతుంది. నీటి స్వభావమున్నది పప్పు, సాంబారు వైపు. మెత్తటి పీవీసీలో దశాబ్దాలుగా వాడిన థాలేట్లనే ప్లాస్టిసైజర్ల మీద గొడవంతా ఈ ప్రయాణం గురించే. ఐరోపా సమాఖ్య 2005లో పిల్లల బొమ్మల్లో వాటిలో కొన్నిటిని శాశ్వతంగా నిషేధించింది. ఆ స్థానంలోకి వచ్చినవాటిలో ఈ సిట్రేట్లూ ఉన్నాయి. జారుకోవడంలో అవీ తక్కువ తినలేదు, కాకపోతే ఒంట్లోకి పోయినా పెద్దగా కీడు చేయవని నమ్మకం. ట్రైఇథైల్ సిట్రేట్‌ను కొన్ని దేశాల్లో ఆహారంలో కలపడానికే అనుమతిస్తారు. ఒక్క వింత మాత్రం చెప్పాలి. రక్తం నింపే పీవీసీ సంచుల నుంచి థాలేట్ రక్తంలోకి దిగుతుంది. దిగి, ఎర్రకణాల పొరల్లో చేరి అవి పగిలిపోకుండా కాపాడుతుంది. రక్తం ఎక్కువ రోజులు నిలవ ఉంటుంది. రక్తపు సంచుల్లో దాన్ని మార్చడం కష్టమవడానికి ఇదొక కారణం.

మట్టిలో కలవడం దగ్గరికి వస్తే గాజు గీత మళ్లీ ఎదురవుతుంది. పారిశ్రామిక కంపోస్టు పరీక్ష 58 డిగ్రీల వేడిలో జరుగుతుంది. పీఎల్ఏ గీత ఎక్కడుందో గుర్తుందా? సరిగ్గా అక్కడే. ఆ వేడిలో గొలుసులు మెదులుతాయి, సందుల్లోకి నీళ్లు చొరబడతాయి, గొలుసు ముక్కలవుతుంది, ఆ ముక్కల్ని సూక్ష్మజీవులు తింటాయి. మన పెరటి ఎరువు గుంట అంత వేడెక్కి వారాల తరబడి నిలవడం అరుదు. మురుగుకాల్వ సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ పీఎల్ఏ కప్పు ఏళ్లూపూళ్లూ కప్పుగానే ఉంటుంది. ప్లాస్టిసైజర్ గీతను దించితే తక్కువ వేడిలోనూ నీళ్లకు దారి దొరుకుతుంది. నీటిని లాక్కునే రకమైతే కుళ్లడం వేగంగా, నీటిని తోసేసే రకమైతే మందంగా. అందుకే ఒకే పీఎల్ఏ, రెండు ప్లాస్టిసైజర్లతో రెండు ఆయుష్షులు పొందుతుంది. అన్నంచెంచాకు పనికొచ్చే పాళ్లు వేరు, మొక్కల చుట్టూ పరిచే మల్చింగ్ షీటుకు పనికొచ్చేవి వేరు.

ఇక్కడే ఒక మోసానికీ తావుంది. స్టార్చ్ రేకును మట్టిలో పాతితే మొదటి వారంలోనే బరువు బాగా తగ్గుతుంది. చూసినవాళ్లు మురిసిపోతారు. ముందుగా పోయేది చాలావరకు గ్లిజరినే, అది నీళ్లలో కరిగిపోయింది. ప్లాస్టిక్ గొలుసు ఇంకా అక్కడే ఉండవచ్చు. కనుక బరువు తగ్గడాన్ని చూసి కుళ్లిందనుకోవడానికి లేదు. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌లకు పెట్టిన ఐఎస్/ఐఎస్‌ఓ 17088 ప్రమాణం ఒక్క తూకంతోనే సరిపెట్టుకోదు. ప్లాస్టిక్‌లోని కర్బనంలో నూటికి 90 పాళ్లు 180 రోజుల్లోపు కార్బన్ డయాక్సైడ్‌గా మారిందా అని గాలిని కొలుస్తుంది. చుట్టం వెళ్లిపోవడం కాదు, ఇల్లు ఖాళీ కావాలి.

వానల్లో ఆ పళ్లేల ముక్కల్ని పూలకుండీలో పాతాను. పక్కనే జ్యూస్ కప్పులోంచి కత్తిరించిన పీఎల్ఏ ముక్క ఒకటి. దసరాకు తవ్వి చూశాను. స్టార్చ్ ముక్కలు నాలుగూ లేవు. గ్లిజరిన్ లేక నెర్రెలిచ్చినదీ లేదు, జిగటగా అంటుకున్నదీ లేదు, వేర్ల మధ్య ఒక్క పలుకైనా దొరకలేదు. కప్పు ముక్క దొరికింది. మట్టి కడిగి కిటికీ వెలుగుకు పట్టుకుంటే 'మట్టిలో కలుస్తుంది' అన్న పచ్చ అక్షరాలు చెక్కుచెదరకుండా కనబడ్డాయి. మళ్లీ అదే కుండీలో పాతిపెట్టాను.